చదరంగం ప్రశ్నోత్తరాలు: మెరాన్‌లో బందీ అయిన శకటు

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఆరంభం చుట్టూ, అంటే సెమీ స్లావ్, దానిలోని మెరాన్ శాఖ చుట్టూ, అందులోనూ 2013 జనవరిలో గ్రాండ్‌మాస్టర్ లెవాన్ ఆరోనియన్ మీద ఆనంద్ గెలిచిన ఆట చుట్టూ తిరిగాయి. అందుకని మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, వీటికే జవాబులు ఇస్తున్నాం. గడుల పేర్లలో అక్షరం (ఎ నుంచి హెచ్) నిలువు వరుసను, అంకె (1 నుంచి 8) తెల్ల పక్షం వైపు నుంచి లెక్కించే అడ్డు వరుసను చెబుతాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి చదువుతున్నాడు. ఇటీవల నగరంలో జరిగిన పిల్లల టోర్నమెంటులో నల్ల పావులతో సెమీ స్లావ్ ఆడి ఓడిపోయాడు. స్కోరుషీటు చూస్తే పదో ఎత్తు వరకు అంతా పుస్తకంలో ఉన్నట్టే ఉంది. పదకొండో ఎత్తులో ఎదుటి అబ్బాయి ఇ4 తోస్తే మావాడు హెచ్6 ఆడాడు. ఆ తర్వాత ఇ5 వచ్చింది, ఒక పావు పోయింది. “ఎత్తులు గుర్తున్నాయి గానీ ఎందుకు ఆడుతున్నావో గుర్తు లేదు” అని కోచ్ కోప్పడ్డారట. ఇంత చిన్నవాడికి ఈ ఆరంభం బరువైనదేమో చెప్పగలరు.
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: బరువైనది కాదమ్మా. అయితే దీన్ని ఎత్తుల వరుసగా బట్టీ పట్టిస్తే మాత్రం ఇలాగే పదకొండో ఎత్తు దగ్గర తెగిపోతుంది.

సి6, డి5, ఇ6 గడుల్లో మూడు బంట్లను నిలబెట్టి, మధ్యనున్న డి5ను రెండు వైపుల నుంచీ కాపాడుకోవడం సెమీ స్లావ్ పునాది. అందుకు చెల్లించే మూల్యం కూడా వెంటనే కనిపిస్తుంది. ఇ6 బంటు కదిలిన క్షణం నుంచి సి8లో ఉన్న శకటు, అంటే పిల్లలు బిషప్ అని పిలిచే పావు, సొంత బంట్ల వెనకే బందీ అవుతుంది. ఇ6 కంటే ముందే దాన్ని ఎఫ్5కి తెస్తే సరిపోదా అని మీ అబ్బాయి అడగవచ్చు. అలా తెస్తే తెల్ల ఆటగాడు సి4 బంటుతో డి5ను కొట్టి, మంత్రిని బి3కి తెచ్చి, శకటు వదిలి వెళ్లిన బి7 బంటు మీద కన్ను వేస్తాడు. ఆ బంటును కాపాడుకోవడం అనుకున్నంత సులభం కాదు.

అందువల్ల మెరాన్ శాఖలో నల్ల ఆటగాడు వేరే దారి పడతాడు. తెల్ల శకటు డి3కి వచ్చేదాకా ఓపిక పట్టి, అప్పుడు డి5 బంటుతో సి4ను కొడతాడు. ఆ బంటును తిరిగి కొట్టడానికి అప్పుడే కదిలిన శకటు మళ్లీ కదలక తప్పదు. అది సి4కు రాగానే బి5 తోసి దాన్ని వెనక్కి పంపిస్తాడు. ఇలా సంపాదించుకున్న వ్యవధితో తన బందీని బి7కి చేరుస్తాడు. బి7కి చేరినా దాని ముందు సి6 బంటు ఇంకా అడ్డంగానే ఉంటుంది. ఆ బంటు సి5కి నడిచినప్పుడే శకటుకు బి7 నుంచి హెచ్1 దాకా, అంటే ఎదుటి రాజు కాస్లింగ్ చేసి దాక్కున్న మూల దాకా, దారి తెరుచుకుంటుంది. మెరాన్‌లో నల్ల ఆటగాడు ఆడే దాదాపు ప్రతి ఎత్తూ సి5కి ఏర్పాటే. అది జరిగితే ఈ ఆరంభం అప్పు తీర్చినట్టు, జరగకపోతే వడ్డీతో సహా నెత్తిన పడినట్టు.

ఇక మీ అబ్బాయి ఆట. అతను ఆడిన పద్ధతిలో నల్ల శకటు ఒకటి డి6లోనూ, గుర్రం ఎఫ్6లోనూ ఒకే అడ్డు వరుసలో ఒక గడి ఎడంగా ఉన్నాయి. తెల్ల బంటు ఇ5కి వస్తే ఆ రెంటినీ ఒకేసారి బెదిరిస్తుంది. కాబట్టి తెల్ల ఆటగాడు ఇ4 తోసిన మరుక్షణమే నల్ల బంటును ఇ5కి తోసి ఆ దారి మూసెయ్యాలి. గ్రాండ్‌మాస్టర్లు ఆడేదీ అదే. ఏం చేయాలో తోచనప్పుడు హెచ్6 ఆడడం పిల్లల్లో సర్వసాధారణం, దాన్ని చూసి కోచ్‌లు విసుక్కోవడమూ అంతే సాధారణం. తెల్ల ఆటగాడు ఇ4 ఆడకుండా నెమ్మదిగా కదిలితే సి5, ఇ4 ఆడితే వెంటనే ఇ5. మీ అబ్బాయికి ప్రస్తుతానికి ఈ రెండే చాలు. ఇంట్లో ఆడేటప్పుడు ప్రతి ఎత్తుకు ముందూ “ఇప్పుడు సి5 ఆడవచ్చా, ఆడితే ఏమవుతుంది” అని పైకి చెప్పించండి. ఇరవై ఎత్తుల వరుసలు కంఠస్థం చేయించడం కంటే ఇది మేలు.

ప్రశ్న: 2002లో మన హైదరాబాద్‌లోనే ఆనంద్ ప్రపంచ కప్ గెలిచిన నాటి నుంచి ఆయన ఆటలన్నీ దాచుకుంటున్నాను. 2013లో ఆరోనియన్‌తో ఆడిన ఆట చివరి స్థితిని ఎన్నిసార్లు పేర్చుకున్నా ఒక సందేహం మిగిలిపోతోంది. లెక్క చూస్తే తెల్ల పక్షానికి ఒక ఏనుగు ఎక్కువ, నల్ల పక్షానికి ఒక శకటు ఎక్కువ, బంట్లు చెరి అయిదు. అంటే తెల్ల పక్షమే మెరుగు. మరి ఆరోనియన్ ఎందుకు ఓటమి ఒప్పుకున్నారు?
– పదవీ విరమణ చేసిన ఉద్యోగి, సికింద్రాబాద్

జవాబు: మీ లెక్క సరైనదే. బోర్డు పేర్చుకునే ఇతర పాఠకుల కోసం ముందుగా ఆట మొత్తం ఇస్తున్నాం. గు అంటే గుర్రం, శ అంటే శకటు, ఏ అంటే ఏనుగు, మం అంటే మంత్రి, రా అంటే రాజు. ఏ గుర్తూ లేకపోతే బంటు. × అంటే కొట్టడం, + అంటే చెక్.

1.డి4 డి5 2.సి4 సి6 3.గు-ఎఫ్3 గు-ఎఫ్6 4.గు-సి3 ఇ6 5.ఇ3 గు(బి)-డి7 6.శ-డి3 డి×సి4 7.శ×సి4 బి5 8.శ-డి3 శ-డి6 9.కాస్లింగ్ కాస్లింగ్ 10.మం-సి2 శ-బి7 11.ఎ3 ఏ-సి8 12.గు-జి5 సి5 13.గు×హెచ్7 గు-జి4 14.ఎఫ్4 సి×డి4 15.ఇ×డి4 శ-సి5 16.శ-ఇ2 గు(డి)-ఇ5 17.శ×జి4 శ×డి4+ 18.రా-హెచ్1 గు×జి4 19.గు×ఎఫ్8 ఎఫ్5 20.గు-జి6 మం-ఎఫ్6 21.హెచ్3 మం×జి6 22.మం-ఇ2 మం-హెచ్5 23.మం-డి3 శ-ఇ3. తెల్ల పక్షం ఓటమి ఒప్పుకుంది.

ఇది నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో జరిగిన టాటా స్టీల్ టోర్నమెంటు నాలుగో రౌండు ఆట. 2012లో బి గ్రూపు గెలిచిన మన గుంటూరు హరికృష్ణ 2013లో అక్కడే ప్రధాన గ్రూపులో ఆడుతున్నారు. టోర్నమెంటును 13 ఆటల్లో 10 పాయింట్లతో కార్ల్‌సన్ గెలిచారు. కానీ ఆ టోర్నమెంటు అనగానే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది ఈ ఆటే.

చివరి స్థితికి రెండు ఎత్తుల ముందు నుంచి చూడండి. ఆనంద్ మంత్రి హెచ్5కి వచ్చింది. హెచ్3 బంటును కొడితే ఏమవుతుందో గమనించండి. జి2 బంటు దాన్ని తిరిగి కొట్టలేదు, ఎందుకంటే బి7 శకటు చూపు ఆ బంటు వెనక ఉన్న రాజు మీద పడి ఉంది, బంటు పక్కకు జరిగితే రాజుకు చెక్. రాజు జి1కి పారిపోలేడు, అక్కడ డి4 శకటు కాపలా కాస్తోంది. అంటే ఒక్క ఎత్తులో ఆటకట్టు. జి4 గుర్రాన్ని హెచ్3 బంటుతో కొట్టి తప్పించుకుందామన్నా కుదరదు, ఆ బంటు తప్పుకుంటే రాజు మీద నేరుగా మంత్రి చెక్ పడుతుంది. కాబట్టి ఆరోనియన్ తన మంత్రిని డి3కి తెచ్చి, మూడో వరుస పొడవునా హెచ్3ని కాపాడారు.

అప్పుడు ఆనంద్ శకటును డి4 నుంచి ఇ3కి జరిపారు. ఇది చెక్ కాదు, ఏ పావునూ కొట్టలేదు. డి3కీ హెచ్3కీ మధ్య అడ్డంగా నిలబడింది, జి1 మీద కాపలా మాత్రం వదల్లేదు. తెల్ల శకటుతో దాన్ని కొడితే ఆ శకటే ఇ3లో అడ్డుగోడ అవుతుంది. అప్పుడు మంత్రి హెచ్3ని కొట్టి చెక్ చెబుతుంది, రాజు జి1కి వెళితే జి2 మీద ఆటకట్టు. మంత్రితోనే కొడితే గుర్రం మంత్రిని తీసుకుంటుంది. కొట్టకుండా ఊరుకుంటే వెంటనే హెచ్3 మీద ఆటకట్టు. ఇంకా ఆడి ఉంటే మర్యాదకు మాత్రమే ఆడినట్టు ఉండేది.

మీరు చేసిన లెక్కలో పావుల సంఖ్య ఉంది, అవి ఏం చేస్తున్నాయన్నది లేదు. చివరి స్థితిలో తెల్ల పక్షం ఎ1 ఏనుగు, సి1 శకటు ఆట మొదలైన గడుల్లోనే ఉన్నాయి. సి1 శకటుకు మొదట ఇ3 బంటు అడ్డం, తర్వాత ఎఫ్4 బంటు అడ్డం. ఇరవై మూడు ఎత్తుల్లో అది ఒక్కసారీ కదల్లేదు. ఆరంభంలో బందీగా ఉండాల్సినది నల్ల శకటు. పన్నెండో ఎత్తులో సి5 పడగానే దానికి విడుదల దొరికింది, పదమూడో ఎత్తులో గుర్రం హెచ్7 బంటు కోసం వెళ్లింది, ఆ తర్వాత ఆటంతా ఆ శకటు చూపుల కిందనే నడిచింది. ఆనంద్ ఆడిన శ-ఇ3 ఎత్తు గురించి అందరూ మాట్లాడతారు. నా దృష్టిలో మాత్రం ఆట తీర్పు సి5 దగ్గరే మొదలైంది.

పదహారో ఎత్తు దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగండి. ఆనంద్ గుర్రాన్ని ఇ5లో, ఎఫ్4 బంటు నోటి ముందే పెట్టారు. దాన్ని కొడితే మంత్రి డి4ను కొట్టి చెక్, రాజు హెచ్1కి, మంత్రి జి1లో తనను తాను బలి ఇచ్చి చెక్, ఏనుగు దాన్ని కొట్టక తప్పదు, గుర్రం ఎఫ్2లో ఆటకట్టు. రాజు చుట్టూ సొంత పావులే గోడ కట్టి ఊపిరాడనివ్వని ఆ ముగింపును పిల్లలకు తప్పక పేర్చి చూపించండి.

ప్రశ్న: ఆ ఆటలోని కీలకమైన ఎత్తులు ముందే కంప్యూటర్ దగ్గర తయారు చేసుకున్నవని విన్నాను. అలాంటప్పుడు గొప్పతనం ఎవరిది?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: విన్నది నిజమే. 2012 మేలో మాస్కోలో బోరిస్ గెల్ఫాండ్‌తో జరిగిన ప్రపంచ టైటిల్ పోరు కోసం ఆనంద్ బృందం ఈ ఆలోచనను సిద్ధం చేసుకుంది. ఆ పోరు 6–6తో సమమై, ర్యాపిడ్ టైబ్రేక్‌లో 2.5–1.5తో ఆనంద్ టైటిల్ నిలబెట్టుకున్నారు. వాడకుండా మిగిలిపోయిన ఆ ఆయుధం ఎనిమిది నెలల తర్వాత ఆరోనియన్ మీద పడింది.

అయితే కంప్యూటర్ ఇచ్చేది స్థితికి ఒక విలువ, కొన్ని ఎత్తుల వరుస. ఎదుటివాడు ఆ వరుస నుంచి పక్కకు జరిగిన క్షణంలో బోర్డు ముందు కూర్చున్నవాడికి ఆ స్థితి అర్థం తెలిసి ఉండాలి. తెలియకపోతే దిల్‌సుఖ్‌నగర్ అబ్బాయికి పదకొండో ఎత్తులో జరిగినదే ప్రపంచ చాంపియన్‌కైనా జరుగుతుంది. ఇంట్లో చేసిన పనిని గొప్పతనంలో లెక్కించకూడదన్న వాదన నాకు మొదటి నుంచీ రుచించదు. కచేరీకి ముందు సాధన చేసిన విద్వాంసుణ్ణి మనం ఎవరమూ తప్పుపట్టం కదా.

ఈ ఆరంభంలో ఆనంద్ అవగాహన ఎంత లోతైనదో తెలియాలంటే 2008లో బాన్‌లో క్రామ్నిక్‌తో ఆడిన ప్రపంచ టైటిల్ పోరులోని మూడో, ఐదో ఆటలు చూడండి. రెండింటిలోనూ ఆనంద్‌వి నల్ల పావులే, రెండింటిలోనూ మెరానే, రెండూ గెలిచారు. అక్కడ ఎనిమిదో ఎత్తులో శ-డి6 బదులు ఎ6 ఆడి, ఆ వెంటనే తొమ్మిదో ఎత్తులోనే సి5 తోశారు. దానికి బదులుగా తన రాజు ముందున్న బంట్లు చిందరవందర కావడాన్ని ఒప్పుకున్నారు. పద్నాలుగో ఎత్తులో శకటు బి7కి చేరింది. తెరుచుకున్న జి నిలువు వరుసలోకి ఏనుగు వచ్చింది, ఆ రెండూ కలిసి జి2 మీద గురి పెట్టాయి. ఆ పోరులో ఆనంద్ 6.5–4.5తో గెలిచారు. నల్ల పావులతో వచ్చిన ఆ రెండు విజయాలే దాన్ని నిర్ణయించాయని చెప్పడం అతిశయోక్తి కాదు.

ప్రశ్న: మెరాన్ అన్నది ఆటగాడి పేరా, ఊరి పేరా? ఆనంద్ ఆటను రూబిన్‌స్టీన్ ఆటతో ఎందుకు పోలుస్తారు?
– ఉపాధ్యాయిని, తార్నాక

జవాబు: ఊరి పేరే. ఇటలీ ఉత్తర భాగంలో ఉన్న మెరానోలో 1924లో జరిగిన టోర్నమెంటులో గ్రూన్‌ఫెల్డ్‌తో ఆడుతూ అకిబా రూబిన్‌స్టీన్ ఈ పద్ధతిని వాడారు. దాని తర్వాతే ఇది ప్రచారంలోకి వచ్చింది.

పోలిక మాత్రం ఆ ఆటతో కాదు. పోలండ్‌లోని లోజ్‌లో 1907లో రోట్లెవీతో రూబిన్‌స్టీన్ నల్ల పావులతో ఆడి 25 ఎత్తుల్లో గెలిచిన ఆటతో. దాన్ని ‘రూబిన్‌స్టీన్ అమరకృతి’ అని చదరంగ లోకం పిలుచుకుంటుంది. ఆనంద్ కూడా తన విజయం గురించి మాట్లాడుతూ ఆ ఆటను తలుచుకున్నారు. విశేషమేమిటంటే 1907 నాటి ఆరంభం సెమీ స్లావ్ కాదు. రూబిన్‌స్టీన్ సి బంటును సి6లో ఆపకుండా నాలుగో ఎత్తుకే రెండు వైపులా సి5, సి4 బంట్లు నిలిచాయి. అయినా పన్నెండో ఎత్తుకు ఆయన కూడా డి5 బంటుతో సి4ను కొట్టి, బి5 తోసి, కొద్దిసేపటికి శకటును బి7లో పెట్టారు. పంతొమ్మిదో ఎత్తులో రెండో శకటు బి6 నుంచి చెక్ చెప్పి రాజును హెచ్1 మూలకు తరిమింది, తర్వాతి ఎత్తులో గుర్రం జి4కి దూకింది.

ఇప్పుడు రెండు బోర్డులనూ పక్కపక్కన పెట్టి చూడండి. బి7 శకటు హెచ్1 మూల మీద, రెండో శకటు జి1 మీద, గుర్రం జి4లో. నూట ఆరేళ్ల తేడాతో ఇద్దరు ఆటగాళ్లు అవే మూడు పావులను అవే పనులకు నియమించారు. రూబిన్‌స్టీన్ ముగింపు ఇంకా ఆడంబరమైనది. ఇరవై రెండో ఎత్తులో సి3 గుర్రాన్ని ఏనుగుతో కొట్టి, తన మంత్రిని హెచ్4లో తీసుకోనిచ్చారు, ఆ తర్వాత రెండో ఏనుగును డి2లో బలిపెట్టారు. చివరికి మిగిలిన ఏనుగును హెచ్3లో పెట్టగానే హెచ్2 మీద ఆటకట్టు తప్పదని రోట్లెవీ ఆపేశారు. మీరు తరగతిలో చూపించదలచుకుంటే ముందు 1907 ఆట, తర్వాత 2013 ఆట చూపించండి. వరుస మార్చితే రెండోది పాతదానికి నకలులా కనిపిస్తుంది, అది అన్యాయం.

ప్రశ్న: నేను కష్టపడి సెమీ స్లావ్ నేర్చుకున్నాను. కానీ వారాంతపు టోర్నమెంట్లలో తెల్ల ఆటగాళ్లు సి4 ఆడకుండా రెండో ఎత్తులోనే శకటును ఎఫ్4కి తెచ్చి లండన్ అనే ఆరంభం ఆడుతున్నారు. నా చదువంతా వృథాయేనా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, మల్కాజిగిరి

జవాబు: వృథా కాదు, కానీ అలవాటుకొద్దీ సి6, ఇ6 రెండూ ఆడేయకు. సెమీ స్లావ్‌లో సి8 శకటును లోపల ఉంచడానికి కారణం సి4 బంటు డి5 మీద తెచ్చే ఒత్తిడి. లండన్‌లో ఆ బంటు ఇంకా సి2లోనే ఉంది కాబట్టి, ముందు గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి, ఇ6 తోయక మునుపే శకటును ఎఫ్5కి తెచ్చుకోవచ్చు. లేదా వెంటనే సి5 తోసి డి4 మీద ఒత్తిడి పెట్టవచ్చు, నా ఓటు దీనికే. మొదటి పద్ధతి ఎంచుకుంటే ఒక్క జాగ్రత్త మరిచిపోవద్దు. తెల్ల ఆటగాడు ఆలస్యంగానైనా సి4 ఆడి మంత్రిని బి3కి తెస్తే బి7 బంటు మీద పడుతుంది, అప్పుడు నీ మంత్రిని బి6కి తెచ్చి ఎదురు నిలబెట్టు.